ఎక్కడ ఆపాలో తెలిసిన డ్రైవరు

హెవీ లైసెన్సు చేతబట్టుకుని బెంగళూరులో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మెట్లెక్కిన కుర్రాణ్ణి మొదట అడిగేది ఒకటే: "ఎన్నేళ్ళ నుంచి తోలుతున్నావ్?" ఆ వెనకే, పది చక్రాల బండి తోలావా, పన్నెండుదా, బొంబాయి లైను తెలుసా, ఢిల్లీ లైను తెలుసా అని ఆరా తీస్తారు. బండిని ఎక్కడెక్కడ ఆపావు, ఎందుకు ఆపావు అని మాత్రం ఎవరూ అడగరు. ఈ అధ్యాయం ఆ అడగని ప్రశ్న గురించి.

స్టీరింగు, గేర్లు, అద్దాలు చూసుకోవడం కొన్ని నెలల్లో చేతికి వచ్చేస్తాయి. ఘాట్ పైన ఎక్కడ ఆపాలి, కళ్ళు మూతలు పడకముందే ఎక్కడ ఆపాలి, కాటా మీద బరువు దాటినప్పుడు లోడింగును ఎక్కడ ఆపాలి, "తెల్లారేసరికి అక్కడుండాలి" అనే బ్రోకరు మాటకు ఎక్కడ అడ్డం పడాలి అనేవి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. నేను మాట్లాడిన పాత డ్రైవర్లు చాలామంది చివరికి ఇక్కడికే వచ్చారు. తోలడం కుర్రతనంలోనే వచ్చేసిందట, ఆపడం రావడానికి మాత్రం ఏళ్ళు పట్టిందట. ఆ ఏళ్ళలో కొన్నయినా నీకు మిగలాలని నా తాపత్రయం.

హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె, కుప్పం వైపు నుంచి వచ్చి లారీ ఎక్కే తెలుగు కుర్రాళ్ళకు బెంగళూరు పెద్ద కూడలి. ఉత్తరానికి దేవనహళ్ళి, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాదు, ఆపైన నాగపూర్, ఢిల్లీ. వాయవ్యానికి తుమకూరు, చిత్రదుర్గ, హుబ్బళ్ళి మీదుగా పుణె, ముంబై. దక్షిణానికి హోసూరు, కృష్ణగిరి, సేలం. పడమటికి హాసన్, సక్లేశ్‌పుర దాటి మంగళూరు. తూర్పుకు కోలారు, పలమనేరు, చిత్తూరు, చెన్నై. పీణ్యలో యంత్ర భాగాలు, నెలమంగల గోడౌన్లలో సరుకు, వైట్‌ఫీల్డ్ డిపోలో కంటైనర్లు, కోలారు యార్డులో టమాటా. లోడుకు కొదవ ఉండదు. అందుకే "ఇంకో ట్రిప్పు, ఇంకో ట్రిప్పు" అనే ఆశకూ కొదవ ఉండదు.

లైసెన్సు సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. కారు, జీపు లాంటి తేలిక వాహనం లైసెన్సు వచ్చి ఏడాది నిండాలి, నీకు 20 ఏళ్ళు నిండాలి, అప్పుడే ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నిబంధనను 2019లో తీసేశారు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సును ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్టును సంతకం కోసం తెచ్చుకునే కాగితంగా చూడొద్దు, నిజంగానే కళ్ళు పరీక్ష చేయించుకో. ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనపడుతున్నా, బోర్డు దగ్గరికొచ్చేదాకా అక్షరాలు తేలకపోయినా కళ్ళద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడకు. సైట్‌సేవర్స్ సంస్థ "రాహీ" పేరుతో లారీ డ్రైవర్ల కోసమే కంటి పరీక్షలు పెట్టి అద్దాలు ఇస్తోంది. ఎక్కడైనా ఆ క్యాంపు కనపడితే బండి ఆపి దిగు.

కాగితం ఇచ్చిన టైము, మనిషి ఇచ్చిన టైము

కొత్త డ్రైవరును అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది టైము. బెంగళూరు నుంచి హైదరాబాదు సుమారు 570 కిలోమీటర్లు. రాత్రి లోడు ఎత్తించి, మర్నాడు పొద్దున్నే దింపాలంటారు. కొత్తవాడు కాదనలేడు. కాదంటే లోడు ఇంకొకడికి పోతుందని గుండెలో గుబులు.

నీ చేతిలో ఉన్న ఈ-వే బిల్లు ఒకసారి తీసి చూడు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకుకు, విలువ 50,000 రూపాయలు మించితే, ఈ బిల్లు తప్పనిసరి. మొదట్లో వంద కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇచ్చేవారు. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చేశారు. అంటే హైదరాబాదుకు మూడు రోజులు. రెండు వేల కిలోమీటర్లు పైబడిన ఢిల్లీకి పదకొండు రోజులు. గడువు తీరేలా ఉంటే, తీరడానికి ఎనిమిది గంటల ముందు గానీ, తీరాక ఎనిమిది గంటల లోపు గానీ పొడిగించుకునే వీలుంది. సర్కారు కాగితం ఢిల్లీకి పదకొండు రోజులు ఇస్తుంటే నాలుగు రోజుల్లో చేరాలని ఎవరు చెప్పారు? మనిషి చెప్పాడు. మనిషి పెట్టిన తొందరను మనిషితోనే మాట్లాడి తగ్గించుకోవచ్చు. ఇది అర్థమైన రోజున నీ భుజాల మీది బరువు సగం దిగుతుంది.

ఎలా మాట్లాడాలి? బయల్దేరాక ఫోనులో బతిమాలుకోవడం వల్ల లాభం లేదు. లోడు ఒప్పుకునే ముందే, ఆఫీసులో నిలబడి, గంటలు లెక్క చెప్పు: "అన్నా, నిండు లోడు. గంటకు యాభై కంటే సగటు రాదు. మధ్యలో నాలుగైదు గంటలు పడుకుంటాను. మధ్యాహ్నానికి చేరుస్తా. తెల్లారేసరికి అంటే నా వల్ల కాదు." గొంతు పెంచకుండా, లెక్కతో చెప్పినవాణ్ణి బ్రోకరు కూడా గుర్తు పెట్టుకుంటాడు. చెప్పిన టైముకు చేర్చే డ్రైవరు అతనికీ కావాలి. ఒప్పుకుని నాలుగు గంటలు ఆలస్యం చేసేవాడి కంటే, ముందే నాలుగు గంటలు అడిగినవాడు అతనికి నయం. టమాటా, పూలు, చేపలు లాంటి పాడయ్యే సరుకుకు నిజంగానే తొందర ఉంటుంది. అలాంటి లోడు రెండో డ్రైవరు ఉన్న బండికే వేయమను. మొదటి ఏడాదిలో ఒంటరిగా టమాటా ఎత్తుకుని కోలారు నుంచి ఉత్తరాదికి పోవద్దు. ఇది నా గట్టి మాట.

బెంగళూరులో టైము తినేది ఊరే. రద్దీ వేళల్లో పెద్ద బండ్లను లోపలికి రానివ్వరు. అందుకని లోడింగు రాత్రుళ్ళు జరుగుతుంది. పగలంతా యశ్వంతపుర ట్రక్కు టెర్మినల్లోనో, నెలమంగల రోడ్డు పక్కనో ఎదురుచూస్తావు, రాత్రంతా లోడు ఎత్తిస్తావు, తెల్లవారుజామున బయల్దేరతావు. చూశావా, ఇంకా ఒక్క కిలోమీటరు తోలకముందే ఒక రాత్రి నిద్ర పోయింది! ఎదురుచూసే పగలు రీల్స్ చూస్తూ గడపొద్దు. క్యాబిన్ పరదాలు దించి పడుకో. లోడింగు దగ్గర క్లీనరును నిలబెట్టి నువ్వు గంట కునుకు తియ్యి. తమిళనాడు వైపు నుంచి వచ్చి తుమకూరు వైపు పోయే బండికి ఊళ్ళోకి దూరే పనే లేదు, నైస్ రోడ్డు ఉంది. కోలారు వైపు నుంచైతే హోసకోట, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపుర మీదుగా దాబస్‌పేట చేరే రింగు రోడ్డు ఉంది. టోలు డబ్బుకు ఓనరు గొణిగితే, ఊళ్ళో నిలబడి కాల్చే డీజిలు లెక్క చెప్పు.

తొప్పూరు దగ్గర

ఇక ఘాట్. ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే ప్రాణాలు ఇక్కడే పోతున్నాయి.

బెంగళూరు నుంచి సేలం పోయే దారిలో ధర్మపురి దాటాక తొప్పూరు కనుమ వస్తుంది. నాలుగు వరసల మంచి రోడ్డు. చూడటానికి భయమేమీ వేయదు, ఆ వేయకపోవడమే ప్రమాదం. మెలికల ఘాట్ అయితే కొత్తవాడు తనంతట తానే నెమ్మదిస్తాడు. ఇక్కడ రోడ్డు విశాలంగా, నున్నగా ఉంటుంది, కిందికి మాత్రం దిగిపోతూనే ఉంటుంది. 2020 డిసెంబరులో సిమెంటు లోడుతో దిగుతున్న లారీ అదుపు తప్పి ముందున్న కార్లను వరసగా గుద్దేసింది, ప్రాణాలు పోయాయి. 2024 జనవరిలో మళ్ళీ అలాంటి ఘోరమే జరిగింది. మన వైపు పలమనేరు, చిత్తూరు మధ్య మొగిలి ఘాట్‌కూ ఇదే చెడ్డపేరు.

ఇలాంటి చోట్ల పదే పదే వినపడే కారణం న్యూట్రల్. డీజిలు మిగులుతుందని గేరు తీసేసి బండిని జారనిస్తారు. ఏ గురువు నేర్పాడో గానీ, లైన్లో ఇది తరం నుంచి తరానికి వస్తోంది. ఇప్పటి బండ్లకు ఈ లెక్కే తప్పు. కామన్ రైల్ ఇంజనులో, గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీశావంటే డీజిలు పోవడం ఆగిపోతుంది. అప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు కాలుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్లో జారేవాడు ప్రాణాన్ని పణంగా పెట్టి, పైగా ఎక్కువ డీజిలు కాలుస్తున్నాడు. ఓనరు పాతకాలపు మనిషైతే ఈ మాట ఓపిగ్గా వివరించు.

గేరు తీస్తే ఏమవుతుందో కళ్ళకు కట్టినట్టు ఊహించుకో. పాతిక టన్నులకు పైబడ్డ బరువంతా బ్రేకు డ్రమ్ముల మీదే ఆగాలి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. తొక్కినకొద్దీ లైనర్లు వేడెక్కుతాయి, కాలిన వాసన క్యాబిన్లోకి వస్తుంది, ఆ వేడికి లైనరు పట్టు జారుతుంది. పెడలు గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. భయంతో పదే పదే తొక్కితే ట్యాంకుల్లో గాలి తగ్గిపోతుంది. ఆ వేగంలో గేరు వేద్దామన్నా పడదు. అక్కడి నుంచి అది నీ బండి కాదు.

అందుకే కనుమ పైనే ఆపు. రోడ్డు పక్కన చోటు చూసుకుని, ఇండికేటరు వేసి, పూర్తిగా ఆపు. దిగి ఒక చుట్టు తిరుగు. డ్రమ్ము దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్ళు, తాకొద్దు. ఒకటి మిగతావాటికంటే మరీ సెగ కొడుతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేస్తోందన్నమాట. చల్లారేదాకా కదలకు. టైర్లను రాడ్డుతో తట్టి విను. గాలి సరిగ్గా ఉన్న టైరు ఖణేలుమంటుంది, తగ్గిందైతే బొద్దుగా మోగుతుంది. ఎక్కి ఇంజను స్టార్టు చేసి, గేజీలో గాలి నిండేదాకా ఆగు. తర్వాత, ఇదే కనుమను ఈ లోడుతో ఎక్కాల్సి వస్తే ఏ గేరు వాడతావో ఆ గేరులో, లేదా ఇంకొకటి కింద, దిగడం మొదలుపెట్టు. ఎగ్జాస్ట్ బ్రేకు వేసి ఉంచు. ఇంజను కేక వేస్తున్నట్టు వినపడుతుంది, వేయనీ, అది నీ కోసం పని చేస్తోంది. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా తొక్కి తగ్గించి వదిలెయ్. కాలు అదేపనిగా బ్రేకు మీద ఆనించి ఉంచొద్దు. వెనక నుంచి హారన్లు మోగుతాయి. మోగనీ.

మంగళూరు దారిలో సక్లేశ్‌పుర దాటాక వచ్చే శిరాడి ఘాట్‌ది ఇంకో రకం. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి దారి మూసేస్తారు, 2024 జూలైలోనూ అదే జరిగింది. జూలై, ఆగస్టు నెలల్లో మంగళూరు లోడు ఒప్పుకుంటే, హాసన్ దగ్గరే ఆగి అటునుంచి వచ్చే బండ్లవాళ్ళను అడిగాకే ముందుకు కదులు.

కన్ను మూతపడకముందు

1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని, ఐదు గంటలు తోలాక కనీసం అరగంట విశ్రాంతి అని రాసి పెట్టారు. దూరపు రూట్లకు రోజుకు పది గంటల దాకా సడలింపు ఇచ్చారు. లైన్లో ఎవరూ దీన్ని పాటించరని నువ్వంటావు. నిజమే. కానీ పాటించమని అడిగే హక్కు అరవై ఏళ్ళ నుంచీ ఉందని తెలిస్తే, అడిగేటప్పుడు నీ గొంతు వణకదు.

నిద్ర వచ్చేముందు కబురు పెడుతుంది. ఇప్పుడే దాటిన టోల్‌గేటు గుర్తు రాదు. తెల్లగీత మీద చక్రం ఎక్కి గరగరమంటుంది. ముందు బండి ఎర్రలైట్లు చూస్తూనే ఉంటావు, దగ్గరైన సంగతి మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. ఇవి వచ్చాక పాటల సౌండు పెంచడం, కిటికీ తెరవడం, గుట్కా నమలడం, ముఖాన నీళ్ళు కొట్టుకోవడం అన్నీ పది నిమిషాల ముచ్చటే. అరవైలో పోతూ నాలుగు సెకన్లు కన్ను మూస్తే బండి 65 మీటర్లు పైగా తనంతట తాను పోతుంది.

అందరికీ తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా, మళ్ళీ మధ్యాహ్నం భోజనం తర్వాత, ఒళ్ళు పడుకోమని అడుగుతుంది. అది నీ బలహీనత కాదు, మనిషి ఒళ్ళు చేసిన తీరే అంత. రూటు ప్లాను వేసేటప్పుడే ఆ వేళకు ఏ బంకు దగ్గరుంటావో చూసుకో. హైదరాబాదు దారిలో అర్ధరాత్రి బాగేపల్లి టోలు దాటితే, రెండు గంటల వేళకు అనంతపురం వస్తుంది. గుత్తి దాకా లాగుదామనిపిస్తుంది. లాగొద్దు. లైట్లున్న బంకులో, నాలుగు బండ్లు ఉన్నచోట పెట్టుకో. చీకట్లో ఒంటరిగా పెడితే డీజిలు, బ్యాటరీలు, పట్టా కింది సరుకు పోయే భయం. కొన్ని బంకుల్లో చమురు కంపెనీలు "అప్నా ఘర్" పేరుతో లారీ డ్రైవర్లకు మంచాలు, స్నానాల గదులు కట్టాయి. మొత్తం నిద్రకు వీల్లేనప్పుడు పాత డ్రైవర్ల చిట్కా ఒకటి నిజంగా పనిచేస్తుంది: టీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు పడుకో. టీ ప్రభావం ఎక్కేసరికి కునుకు తీరుతుంది, రెండూ కలిసి నిన్ను లేపుతాయి. ఇది ఆ గంట గట్టెక్కడానికి మాత్రమే, రాత్రి నిద్రకు బదులు కాదు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. నాగపూర్ ఎండల్లో పగలు పడుకోలేక రాత్రి తూలిన డ్రైవర్లకు ఈ నిర్ణయం విలువ తెలుసు.

వెనక్కి

రివర్సులో పోయే ప్రాణాలు, విరిగే గోడలు కొత్తవాళ్ళ చేతిలోనే ఎక్కువ. పీణ్యలో ఏదో ఒక ఇరుకు సందు అనుకో. రెండు వైపులా ఆగిన బండ్లు, వెనక గోడౌను షట్టరు, పక్కన టీ కొట్టు, నడిచిపోతున్న ఆడవాళ్ళు. క్లీనరు వెనక నిలబడి "రానీ, రానీ, రానీ" అంటున్నాడు. రెండో షిఫ్టు సెక్యూరిటీ విజిల్ ఊదుతున్నాడు. హమాలీలు కన్నడంలో ఏదో అరుస్తున్నారు. ముగ్గురి మాటా వింటే ఎవరి మాటా వినపడదు. పాటలు ఆపు, రెండు కిటికీలూ దించు, ఒక్కరి మాటే వింటానని గట్టిగా చెప్పు. ఆ ఒక్కరు నీ అద్దంలో కనపడే చోటే నిలబడాలి, కనపడకుండా పోయాడో బండి ఆగాలి. అనుమానం వస్తే దిగి చూడు. రెండుసార్లు దిగినా నామోషీ లేదు. "కొత్తోడు" అని నవ్వితే నవ్వనీ, ఆ నవ్వు సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. క్లీనరును తిట్టి భయపెట్టావంటే "ఆపన్నా" అనాల్సిన చోట నోరు మెదపడు. ఆ కుర్రాడు రేపటి డ్రైవరు, నీ వెనక కన్ను కూడా.

కాటా, నోటుబుక్కు

2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచింది. పది చక్రాల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులైంది. అంతకు మించితే 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకూ 2,000. అదనపు సరుకు అక్కడే దింపించాలి. కాటాకు బండి పెట్టనంటే 40,000. ఇదంతా ఓనరు కడతాడులే అనుకోకు, చట్టం తోలేవాణ్ణి కూడా పట్టుకుంటుంది. లోడింగు కాగానే కాటా చీటీ తీసుకో, ఫోటో తీసి ఓనరుకు పంపు. ఎక్కువుంటే ఫోను చెయ్యి, మాట మీద కాకుండా మెసేజిలో సమాధానం తీసుకో. ఆ ఒక్క మెసేజి తర్వాత నిన్ను ఎన్నో మాటల నుంచి కాపాడుతుంది.

మొదటి ట్రిప్పుకు ముందే ఓనరును అడగాల్సినవి అడుగు: జీతమా, ట్రిప్పుకింతా? బత్తా ఎంత? టైరు పేలితే, జరిమానా పడితే ఎవరిది? అన్‌లోడింగు దగ్గర రెండు రోజులు ఆగిపోతే హాల్టింగు డబ్బు నాకు వస్తుందా? ఇవి అడిగితే గౌరవం తగ్గుతుందని మనవాళ్ళలో ఓ బెరుకు ఉంది. పెద్దాయన దగ్గర డబ్బు మాట ఎలా ఎత్తేది అనుకుంటారు. "అన్నా, తర్వాత మన మధ్య మాట రాకుండా ఇప్పుడే తేల్చుకుందాం" అని మొదలుపెట్టు, మర్యాద చెడదు. జీతం బ్యాంకులో వేయమను. ప్రమాదంలో నీకు దెబ్బ తగిలితే చట్టం ప్రకారం బండి ఇన్సూరెన్సు నుంచి నీకు డబ్బు రావాలి. అప్పుడు నువ్వా బండి డ్రైవరువేనని చూపించే సాక్ష్యం ఆ పాసుపుస్తకమే. దీనికి తోడు బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకు రెండు లక్షలు. 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా ఏ కారణంతో పోయినా రెండు లక్షలు ఇస్తుంది. ఈ రెండూ లేకుండా రాష్ట్రం దాటొద్దు.

ఒక చిన్న నోటుబుక్కు క్యాబిన్లో ఉంచు. డీజిలు, కిలోమీటర్లు, టోలు, యాడ్‌బ్లూ, పంక్చరు, భోజనం. బీఎస్-6 బండిలో యాడ్‌బ్లూ అయిపోతే ఇంజను శక్తి తగ్గించేసుకుంటుంది, అది ఏ అడవి మధ్యో జరిగితే రోజు పోయినట్టే. ఫాస్టాగ్ మెసేజీలు వస్తున్నాయి కదా అని టోలు రాయడం మానొద్దు.

ఒంటి గురించి రెండు మాటలు. మూత్రం ఆపుకోవడానికి నీళ్ళు తగ్గించే డ్రైవర్లు చాలామంది, ఆ అలవాటు కిడ్నీ రాళ్ళుగా తిరిగొస్తుంది. వండుకోవడం నేర్చుకో. జార్ఖండ్ డ్రైవరు రాజేశ్ రవానీ లారీలో వండుకుంటూ తీసిన వీడియోలతో దేశమంతా తెలిశాడు. పేరు రాకపోయినా నీ కడుపు బాగుపడుతుంది. బండి ఆపి, కిందికి దిగి, డీజిలు ట్యాంకుకు దూరంగా స్టవ్ వెలిగించు. అన్నం, పప్పు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఊరగాయ చాలు. రోజుల తరబడి ఇంటికి దూరంగా ఉండే వయసులో ఒళ్ళు తప్పటడుగు వేయమంటుంది. వేసినా కండోమ్ లేకుండా వేయొద్దు, అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి ఐసీటీసీలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, గోప్యం. ఇది సిగ్గుపడి దాచుకునే సంగతి కాదు, నీ భార్య ఆరోగ్యం కూడా ఇందులో ఉంది. ఇంటికి ఫోను బండి ఆగినప్పుడే. ఏ వేళకు ఆగుతావో ఇంట్లో చెప్పి ఉంచితే, నువ్వు తోలుతుండగా వాళ్ళూ ఫోను చేయరు.

గుద్దితే

ఎంత జాగ్రత్త పడ్డా జరగొచ్చు. 2024 జనవరిలో హిట్ అండ్ రన్ క్లాజు మీద దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపేసిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ప్రాణం పోయేలా గుద్ది, చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలన్న ఆ 106(2) క్లాజును, జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు పక్కన పెట్టారు. డ్రైవర్ల భయం ఉత్త భయమేమీ కాదు, గుంపు కొడుతుంది. ఆ సంగతి మోటారు వాహనాల చట్టానికీ తెలుసు. గాయపడినవాళ్ళకు వైద్యం అందేలా చూడాలని 134వ సెక్షన్ చెబుతూనే, గుంపు ఆగ్రహం వల్ల వీలుకాకపోతే తప్ప అని మినహాయించింది. కాబట్టి బండి ఆపు, 108కి, 112కి ఫోను చెయ్యి, హైవే మీదైతే 1033కి కూడా. జనం మీదికి వస్తుంటే అక్కడి నుంచి తప్పుకుని నేరుగా దగ్గరి పోలీసు స్టేషనుకు పో. ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం నీ బాధ్యత. పారిపోవడానికీ, ప్రాణం కాపాడుకుని స్టేషనుకు పోవడానికీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. ఆ 112 కాల్ రికార్డు నీ తరఫున నిలబడుతుంది.

సొంత బండి

ఏడాది తిరిగేసరికి సొంత బండి కల మొదలవుతుంది. 1976లో గదగ్‌లో ఒక్క లారీతో మొదలుపెట్టి వీఆర్ఎల్ రవాణా సంస్థను నిలబెట్టిన విజయ్ సంకేశ్వర్ పేరు ఈ లైన్లో అందరి నోటా వింటావు. ఆ కల కనాల్సిందే. అయితే ఓనరు బండి తోలేటప్పుడు నిన్ను తొందరపెట్టేది ఓనరు, బ్రోకరు. ఫైనాన్సు బండి తోలేటప్పుడు తొందరపెట్టేది నెలకోసారి వచ్చే కిస్తీ. దానికి నిద్ర సంగతి చెప్పలేవు, ఘాట్ సంగతి చెప్పలేవు. సొంత బండి కొన్నవాళ్ళు ఎక్కువ ఓవర్‌లోడు వేయడం, తక్కువ పడుకోవడం నేను చూసింది అందుకే. కాబట్టి మూడు నెలల కిస్తీలకు సరిపడా డబ్బు, ఒక జత కొత్త టైర్ల డబ్బు, బ్యాంకులో కదలకుండా పడి ఉన్నప్పుడే ఫైనాన్సు కాగితం మీద సంతకం పెట్టు. బండి పదిహేను రోజులు షెడ్డులో ఉన్నా నువ్వు రాత్రుళ్ళు తూలుతూ తోలాల్సిన అవసరం రాకూడదు. అప్పటిదాకా ఓనరు బండే తోలుతూ, ఏ రూట్లో రిటర్న్ లోడు ఎన్ని రోజులకు దొరుకుతోంది, ఏ నెలలో బాడుగ పడిపోతోంది, ఏ కంపెనీ డబ్బు ఎన్నాళ్ళకు ఇస్తోంది అనేవి అదే నోటుబుక్కు వెనక పేజీల్లో రాస్తూ పో.